దుప్పటి తీసి తూచు

మొఖొత్లాంగ్ కొండల మీద జూన్ నెల మంచు.
క్లినిక్ బయట కట్టేసిన గుర్రాలు
ముక్కుల్లోంచి పొగ వదులుతున్నాయి.
నేను రాసే ప్రతి చీటీ కిందా
ఇంకా ఆమె సంతకం పడాలి.
మ్మె ఖొపొత్సొ. మా భాషలో మ్మె అంటే అమ్మ.

మొదటి పాఠం తూకం.
న్తాతే సెఖొన్యానా త్రాసెక్కాడు,
గమ్‌బూట్లతో, ఉన్ని దుప్పటితో, చేతికర్రతో.
అరవై మూడు అని రాసేశాను.
"దిగమను. దుప్పటి తీసి తూచు.
మందు మనిషికి, దుప్పటికి కాదు."
యాభై ఏడు.
ఆ ఆరు కిలోల ఉన్నికీ రబ్బరుకీ
నేను ఎక్కించబోయిన జెంటామైసిన్
ముసలాయన చెవుల్లో హోరై మిగిలేదేమో.

"వయసు అడిగావు సరే,
మూత్రం ఎలా వస్తోందో అడిగావా?
లోపలికి వెళ్లేది మనం రాస్తాం.
బయటికి పోయేది కిడ్నీ రాస్తుంది.
దాని దస్తూరి చదవడం నేర్చుకో."
రక్తపరీక్ష కొండ దిగి, కొండెక్కి రావాలి,
శుక్రవారానికి.

మధ్యాహ్నం టీ మగ్గు నిండా నీళ్లు తెచ్చింది.
సగం కిటికీలోంచి పారబోసింది.
మిగిలినదాంట్లో సగం. మళ్లీ సగం.
ఐదోసారికి గుటకైనా లేదు,
అడుగున తడి.
"ఇదీ అర్ధాయువు.
కొన్ని మందులకి గంటలు, కొన్నిటికి రోజులు.
ఖాళీ కావడానికి ఎన్ని సగాలో
నిండటానికీ అన్నే.
మూడో పూటకే గుణం లేదంటే
డోసు పెంచకు. మగ్గు ఇంకా నిండలేదు."
కిటికీ కింద తడిసిన కోడి
తిట్టుకుంటూ పోయింది.

సున్నాల దగ్గర ఆమెకు మహా పట్టింపు.
అర మిల్లీగ్రాముకి చుక్క ముందు సున్నా ఉండాల్సిందే.
అయిదు రాస్తే అయిదే, చుక్కా వద్దు, వెనక సున్నా వద్దు.
"చలికి వణికే చేతిలో చుక్క చెరిగిపోతుంది.
అయిదు యాభై అవుతుంది.
యాభైని మోయడానికి
నలుగురు మనుషులు కావాలి."

క్షయ దగ్గరికి, రిఫాంపిసిన్ దగ్గరికి వచ్చేసరికి
పుస్తకం మూసింది.
"మొదటి ఏడాది రాశాను, ఒకమ్మాయికి.
మోతాదు సరి. బరువు సరి.
దుప్పటి కూడా తీయించాను.
మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడకన్నాను.
ఇంకేం మింగుతున్నావని అడగలేదు.
ఆ మందు వెళ్లి కాలేయాన్ని తట్టి లేపుతుంది.
లేచింది ఊరుకోదు,
దారిలో దొరికిన మందునల్లా నూరి పారేస్తుంది.
ఆమె సంచిలో గర్భం రాకుండా వేసుకునే బిళ్లలున్నాయి.
ఒక్క రోజు మానలేదు పాపం,
అవీ వేసుకుంది, నావీ వేసుకుంది.
దగ్గు తగ్గింది.
నెల తప్పింది."

తలుపు తోసుకుని పదకొండేళ్ల పిల్ల వచ్చింది,
బడి అయ్యాక ఫైళ్లు మోసే పిల్ల.
లినేయో అని రాస్తాం, దినేయో అని పిలుస్తాం.
కానుకలు అని అర్థం.
మ్మె ఖొపొత్సొ ఆ పిల్ల మఫ్లరు ముడి సరిచేసింది,
అవసరమైనదానికంటే ఎక్కువసేపు.
నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.
దుష్ప్రభావం అన్న మాట
ఆ పూట నా నోట్సులో రాయలేకపోయాను.

మర్నాడు పెన్ను నా చేతికిచ్చింది.
ఎదురుగా దగ్గుతున్న మనిషి, ముప్పై ఏళ్లుంటాయి.
తూచాను, దుప్పటి లేకుండా.
సున్నాలు చూసుకున్నాను.
వేరే మందులేమైనా? లేవంది.
బిళ్లలు? ఊహూ. చేతిలో ఇంప్లాంట్? లేదు.
మ్మె ఖొపొత్సొ కిటికీ వైపు తిరిగి
గొంతు సవరించుకుంది, అంతే.
ప్రశ్న మార్చాను.
"పొద్దున లేచింది మొదలు
నోట్లోకి ఏమేం పోతాయో చెప్పక్కా."
ఆమె నవ్వి దుప్పటి చెరగు ముడి విప్పింది.
ఒక వేరుముక్క. నల్లటి పొడి.
అత్త కాచి ఇచ్చే ఆకు, పేరు తెలీదట.
"ఇవి మందులు కాదుగా."

ఏ పుస్తకంలో వెతకను?
కాగితం మీద ఆగిన పెన్ను కింద
సిరా చుక్క
నెమ్మదిగా పెద్దదవుతోంది.